వాల్యూమ్ సున్నాలో పెట్టినా గుయ్యిమంటోంది: సొంతంగా కట్టిన 5 వాట్ల వాల్వు యాంప్

శ్రుతితప్పినతీగ
నమస్కారం అందరికీ. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప నోరు విప్పింది లేదు. ఇవాళ విప్పక తప్పడం లేదు.

మొదటి యాంప్ కట్టాను. మొదటి స్టేజీకి 12ఏఎక్స్7 వాల్వు ఒకటి, స్పీకరు నడపడానికి 6వీ6 వాల్వు ఒక్కటే (సింగిల్ ఎండెడ్), 8 అంగుళాల స్పీకరు. ట్రాన్స్‌ఫార్మర్‌లో హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) వైండింగు 275-0-275 వోల్టులు. రెక్టిఫయర్ వాల్వు పెట్టలేదు, వైండింగు చెరో కొసకీ ఒక 1ఎన్4007 డయోడు. ఫిల్టర్ కెపాసిటర్లు వరసగా 22, 22, 10 మైక్రోఫారడ్లు, మధ్యలో 10కె, 22కె రెసిస్టర్లు. అంతా ట్యాగ్ స్ట్రిప్ (వైర్లు అతికే లోహపు చెవుల పట్టీ) మీదే.

గిటార్ మోగుతోంది. టోన్ కూడా నాకైతే నచ్చింది. కానీ వెనకాల గుయ్యిమని ఒకటే హమ్. వాల్యూమ్ సున్నాలో ఉన్నా అంతే, పదిలో ఉన్నా అంతే. గిటార్ పీకేసినా అంతే. మధ్యమధ్యలో చిటపట. ట్రాన్స్‌ఫార్మర్ కూడా బర్రుమంటోంది, అరగంటకి చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతోంది.

ఇప్పటిదాకా ఫిల్టర్ కెపాసిటర్లు మూడూ కొత్తవి వేశాను. 12ఏఎక్స్7 రెండుసార్లు మార్చాను. ఇన్‌పుట్ జాక్ నుంచి షీల్డెడ్ వైరు లాగాను. హమ్ ఇసుమంత కూడా తగ్గలేదు. లోపలి ఫొటోలు మూడు పెట్టాను. సోల్డరింగ్ నాకు కొత్త, జాయింట్లు చూసి నవ్వకండి.

జోరుబేస్
బ్రదర్, ప్లగ్గులో ఎర్త్ పిన్నుకి వెళ్లే వైరు తీసేసి చూడు. నా యాంప్‌లో హమ్ అలాగే పోయింది. మూడేళ్ల నుంచి వాడుతున్నా, ఏమీ కాలేదు.

పాతవాల్వు
జోరుబేస్ బాబూ, మూడేళ్లూ ఏమీ కాలేదంటే నీ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ గట్టిదని అర్థం. నీ సలహా మంచిదని కాదు.

ఎర్త్ ఎందుకుందో ఒక్కసారి ఆలోచించు. లోపల ఫేజు వైరు తెగి ఛాసిస్‌కి, అంటే యాంప్ లోహపు డబ్బాకి, తగిలిందనుకో. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది, అంతటితో సరి. ఎర్త్ లేకపోతే ఛాసిస్ మొత్తం ఫేజే. ఛాసిస్ నుంచి జాక్, జాక్ నుంచి కేబుల్, కేబుల్ నుంచి గిటార్ తీగలు, ఆ తీగల మీద నీ వేళ్లు. ఎదురుగా మైకు. పెదవి మైకుకి తగిలిందంటే సర్క్యూట్ పూర్తయినట్టే. 1972 మేలో స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బ్యాండు గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీద మైకు పట్టుకునే పోయాడు. ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడమే కారణం.

తీగ బాబూ, ఇక నీ సంగతి. ఏదైనా ముట్టుకునే ముందు ఇవి విను. ప్లగ్గు పీకేసినా ఆ 22 మైక్రోఫారడ్ కండెన్సర్లలో, అదే నువ్వనే కెపాసిటర్లలో, 300 వోల్టులు పైన కూర్చునే ఉంటాయి. మొదటి కండెన్సర్ మీద 220కె, 2 వాట్ల రెసిస్టరు శాశ్వతంగా వేసెయ్, నిమిషంలో ఖాళీ చేస్తుంది. అయినా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టు. కరెంటు ఉన్నప్పుడు లోపల పని ఒక్క చేత్తోనే, రెండో చెయ్యి జేబులో. స్పీకరు తగిలించకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. సీరీస్ బల్బు కట్టుకున్నావా? అదే, లోపల షార్టుంటే కరెంటుని అదుపు చెయ్యడానికి మెయిన్స్‌కీ యాంప్‌కీ మధ్య వరసలో పెట్టే మామూలు బల్బు.

శ్రుతితప్పినతీగ
కట్టలేదు మాస్టారూ, ఇవాళే కడతాను. రెసిస్టరు కూడా వేస్తాను. నిజం చెప్పాలంటే మొన్న స్విచ్చి ఆపేశాక స్క్రూడ్రైవరు జారి టప్పుమని నిప్పురవ్వ వచ్చింది. స్క్రూడ్రైవరు మొన మీద చిన్న గుంట పడింది. అది కండెన్సర్ పనేనని ఇప్పుడు అర్థమైంది.

మూడోఫ్రెట్
మల్టీమీటరు తీసే ముందు చెవి వాడు తమ్ముడూ. హమ్ ఏ స్వరంలో ఉంది?

గిటార్ శ్రుతి చేసి, లావు ఇ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కి మోగించు. అది జి, 98 హెర్ట్జ్. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట ఫుల్ వేవ్ (ఏసీ అల రెండు సగాల్నీ వాడే) రెక్టిఫయర్ నుంచి వచ్చే రిపుల్, అంటే డీసీలో మిగిలే ఎగుడుదిగుడు, 100 హెర్ట్జ్. రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి సెకనుకి రెండు చొప్పున వావ్ వావ్ అని అలల్లా వినిపిస్తాయి. హమ్ అంతకంటే ఒక ఆక్టేవ్ కింద ఉంటే అది 50, అంటే బేస్ గిటార్ లావు తీగ మూడో ఫ్రెట్. 60 హెర్ట్జ్ కరెంటు వాడే వాళ్లకి రిపుల్ 120కి వస్తుంది. అది ఎ తీగ ఒకటో ఫ్రెట్‌కీ రెండో ఫ్రెట్‌కీ మధ్యలో పడుతుంది, కాస్త చిరాగ్గా.

ఒక చిక్కుంది. 8 అంగుళాల స్పీకరు 50ని సరిగ్గా పలకలేదు, దాని పైస్వరాలే గట్టిగా వినిపిస్తాయి. చెవి తికమక పడితే ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఒకటి తెరువు.

శ్రుతితప్పినతీగ
భలే ఉంది అన్నా ఇది. మూడో ఫ్రెట్ మోగిస్తే అలలు వచ్చాయి. కానీ హమ్ దానికంటే లోతుగా ఉన్నట్టూ అనిపిస్తోంది. యాప్‌లో చూస్తే 50 దగ్గర ఒక మొన, 100 దగ్గర పెద్దది, 150 దగ్గర కూడా ఉంది, 200, 250 చిన్నచిన్నవి. స్క్రీన్ ఫొటో పెట్టాను.

జోరుబేస్
50 ఉందంటే వాల్వుల్ని వేడెక్కించే హీటరే. తేలిపోయింది. 6.3 వోల్టుల వైర్లు మెలేశావా? ఫొటోలో విడివిడిగా పోతున్నట్టున్నాయి.

(ఎర్త్ సంగతి అర్థమైంది మాస్టారూ. మళ్లీ అనను.)

పాతవాల్వు
హీటరు మీద నాకూ అనుమానమే. బాబూ, నీ హీటరు వైండింగుకి సెంటర్ ట్యాప్ (నట్టనడుమ నుంచి తీసిన వైరు) ఉందా? లేకపోతే దాన్ని దేనికి కట్టావు?

శ్రుతితప్పినతీగ
సెంటర్ ట్యాప్ లేదు. దేనికీ కట్టలేదు. కట్టాలా?

పాతవాల్వు
కట్టాలి. గాల్లో వేలాడే వైండింగు పక్కనున్న హెచ్‌టీ నుంచి ఎంత పడితే అంత లాక్కుంటుంది. రెండు వైర్ల నుంచీ చెరో 100 ఓముల అరవాట్ రెసిస్టరు గ్రౌండుకి వెయ్యి. అదే దొంగ సెంటర్ ట్యాప్. వైర్లు గట్టిగా మెలేసి, ఛాసిస్ మూలకి ఆనించి, వాల్వు సాకెట్ దగ్గర మాత్రం పైకి లేపు.

శ్రుతితప్పినతీగ
రెండు రోజులు పట్టింది. వైర్లు విప్పి మెలేశాను, 100 ఓములు రెండు వేశాను. ఏదో కొంచెం, రవ్వంత తగ్గిందేమో. తగ్గిందని నాకు నేను చెప్పుకుంటున్నానేమో కూడా. ట్రాన్స్‌ఫార్మర్ వేడి అలాగే ఉంది.

ఓంలెక్క
ఆలస్యంగా వచ్చాను. ఫొటోలు, స్పెక్ట్రమ్ చూశాను. ఇకపై ఏ భాగమూ మార్చకండి దయచేసి. ఈసారి కొలుద్దాం.

హీటరు నుంచి వచ్చే హమ్ దాదాపు నున్నటి సైను అల. 50 దగ్గర ఒక మొన, ఆ పైన పెద్దగా ఏమీ ఉండదు. మీ బొమ్మలో 50, 100, 150, 200, 250 అని రంపం పళ్లలా వరసగా ఉన్నాయి. అది కెపాసిటరు నిండి ఖాళీ అయ్యే రిపుల్ ఆకారం. పైగా ఫుల్ వేవ్ అయితే 100, 200, 300 మాత్రమే రావాలి. 150 ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు 12ఏఎక్స్7 పీకేసి ఆన్ చేయండి. హమ్ ఉందా? తర్వాత మూడు కొలతలు కావాలి. మొదటి కెపాసిటరు మీద డీసీ, 6వీ6 కాథోడు మీద డీసీ (కింద 470 ఓములే కదా?), మొదటి కెపాసిటరు మీద ఏసీ. ఏసీ కొలిచేటప్పుడు ఎర్ర ప్రోబుకి సీరీస్‌లో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కెపాసిటరు పెట్టండి. కొన్ని మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపేసి చెబుతాయి. అన్నిటికీ కరెంటు ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేసి, క్లిప్పులు తగిలించి, అప్పుడు ఆన్ చేయండి. వేలు పెట్టనక్కర్లేదు.

శ్రుతితప్పినతీగ
12ఏఎక్స్7 తీసేసినా హమ్ అలాగే ఉంది. అంటే రెండు వాల్వులు ఊరికే మార్చానన్నమాట.

మళ్లీ వాల్వు పెట్టి కొలిచినవి: మొదటి కెపాసిటరు 306 వోల్టులు డీసీ. కాథోడు 17.4. అవును, 470 ఓములే. మొదటి కెపాసిటరు మీద ఏసీ 9.6.

ఓంలెక్క
సరే, లెక్క.

17.4ని 470తో భాగిస్తే 37 మిల్లీ ఆంపియర్లు. 12ఏఎక్స్7కి ఒక 2 కలపండి, 39. రెండు నిండుళ్ల మధ్య ఈ కరెంటంతా మొదటి కెపాసిటరే ఇవ్వాలి. ఫుల్ వేవ్ అయితే 10 మిల్లీ సెకన్లకోసారి నిండుతుంది. 0.039 గుణించు 0.01 భాగించు 22 మైక్రో, దాదాపు 18 వోల్టుల ఎగుడుదిగుడు. రంపం ఆకారం కాబట్టి మీటరులో కనిపించేది దాన్ని 3.46తో భాగిస్తే వచ్చేది, 5 వోల్టులు. ఇది గరిష్ఠం, నిజానికి ఇంకాస్త తక్కువే రావాలి.

మీకు వచ్చింది 9.6. హాఫ్ వేవ్ (అల ఒక సగమే వాడుతోంది) అనుకుని 20 మిల్లీ సెకన్లు వేస్తే లెక్క 10కి వస్తుంది.

మీ రెండు డయోడ్లలో ఒకటే పని చేస్తోంది.

వేడి సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. వైండింగులో ఒక సగం నుంచే కరెంటు పోతోంది, అదీ ఒకే దిశలో. కోరు ఒక పక్కకి అయస్కాంతమై శాచురేషన్‌లోకి పోతుంది. అందుకే ఆ బర్రుమనడం, ఆ వేడి.

జోరుబేస్
ఒక డయోడు పోయిందన్నమాట. పదిహేను రోజులుగా హీటరు హీటరు అంటున్నా నేను 🙏

పాతవాల్వు
నేనూ అన్నాను కదా, నీ ఒక్కడి మీదే వేసుకోకు. ముసలి ముక్కు, 50 అనగానే హీటరు వాసనే వస్తుంది. 100 ఓములు మాత్రం ఎలాగూ ఉండాల్సినవే, తీసెయ్యకు బాబూ.

శ్రుతితప్పినతీగ
డయోడ్లు రెండూ డయోడ్ రేంజిలో చూశాను. ఒకటి 0.56, రెండోది 0.57. తిప్పి పెడితే ఏమీ రావడం లేదు. రెండూ బాగున్నట్టే కదా? ట్రాన్స్‌ఫార్మర్ కొసల దగ్గర ఏసీ కొలిస్తే 281, 282. అదీ బాగుంది. కంటిన్యుటీ పెడితే అన్ని చోట్లా బీప్ అంటోంది. బుర్ర పని చెయ్యడం లేదు.

ఓంలెక్క
డయోడ్లు బాగున్నాయి. వైండింగు బాగుంది. ఆ రెండిటి మధ్యలో ఉన్నది మీ టంకం ఒక్కటే.

టంకంపొగ
నా వంతు వచ్చినట్టుంది. రెండో ఫొటో పెద్దది చేసి చూశాను తమ్ముడూ. ఎడమ నుంచి మూడో ట్యాగు. లెడ్, అదే టంకం, గుండ్రంగా ముత్యంలా కూర్చుంది చూడు. మంచి జాయింట్ ముత్యంలా ఉండదు. లోహాన్ని పట్టుకుని అంచుల దాకా పల్చగా పారుతుంది, లోపలి వైరు ఆకారం పైకి కనిపిస్తుంది. నీ దాంట్లో డయోడు కాలు దిగే చోట చుట్టూ ఒక గోధుమరంగు గీత కూడా ఉంది. అది ఎండిపోయిన పేస్ట్ (ఫ్లక్స్, లెడ్ అంటడానికి పూసేది). కాలికీ లెడ్‌కీ మధ్య గోడ కట్టింది.

కంటిన్యుటీ బీప్ అందంటే ప్రోబుతో నొక్కావు కాబట్టి. నొక్కితే తగులుతుంది, వదిలితే వదిలేస్తుంది. డ్రై సోల్డర్, అంటే ఇలా అంటీ అంటని జాయింట్, కొలతకి దొరకదు, కదిపితే దొరుకుతుంది. ఎండిన చెక్క పుల్ల ఒకటి తీసుకో, జానెడు కంటే పొడుగు ఉండాలి. యాంప్ ఆన్‌లో పెట్టి, ఒక చెయ్యి జేబులో పెట్టి, ఆ డయోడు కాలుని పక్కకి మెల్లగా నెట్టు. స్పీకరు విను.

శ్రుతితప్పినతీగ
అక్కా!!

పుల్లతో నెట్టగానే చిట్ అని ఒక చప్పుడు, హమ్ టక్కున పడిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ బర్రుమనడం కూడా ఆగిపోయింది. పుల్ల తీయగానే రెండూ మళ్లీ మొదలు. నాలుగుసార్లు చేసి చూశాను, నాలుగుసార్లూ అంతే. మా చెల్లిని పిలిచి వినిపించాను, ‘ఇందుకా నెలరోజులుగా కూర్చున్నావు’ అంది.

ఆపేసి, వోల్టేజీ సున్నా అయ్యిందని చూసుకుని, ట్వీజర్‌తో డయోడు కాలు పట్టి లాగాను. ఊడిపోయే పాలపన్నులా వచ్చేసింది. లెడ్‌లో కాలు ఉన్న చోట నున్నగా బొక్క మిగిలింది, లోపల గాజులా మెరుస్తూ గోధుమరంగు పేస్ట్. కాలు మీద లెడ్ ఒక్క చుక్క కూడా అంటలేదు, నల్లబడి ఉంది. ఇవి చాలా ఏళ్లు డబ్బాలో పడి ఉన్న డయోడ్లు.

టంకంపొగ
అదీ సంగతి. నల్లబడిన కాలుని ముందు బ్లేడుతో గానీ సన్న ఉప్పు కాగితంతో గానీ మెరిసే దాకా గీకాలి. తర్వాత దానికి ఒక్కదానికే పల్చగా లెడ్ పట్టించి, ఆపైన ట్యాగులో పెట్టాలి. పేస్ట్ ఎంత పూసినా అంత పాత తుప్పుని తినలేదు. గొట్టాలు అతికే యాసిడ్ పేస్ట్ మాత్రం ఛాసిస్ దరిదాపుల్లోకి రానివ్వకు. జాయింట్ బాగానే వస్తుంది, తర్వాత నెలల తరబడి రాగిని తింటూ కూర్చుంటుంది.

ఏ సోల్డరింగ్ ఐరన్ వాడావు? ఎన్ని వాట్లు, మొన ఎలాంటిది?

శ్రుతితప్పినతీగ
25 వాట్లు, సూదిమొన. ఆ ట్యాగులో ట్రాన్స్‌ఫార్మర్ లావు వైరు, డయోడు కాలు, ఇంకో వైరు ఉన్నాయి. మొనకి లెడ్ అంటించుకుని జాయింట్ మీద రాసేవాణ్ణి.

టంకంపొగ
అనుకున్నాను. గోడకి సున్నం వేసినట్టు రాశావన్నమాట. మొన మీద కరిగించి తెచ్చేలోపు లెడ్ లోపలి ఫ్లక్స్ అంతా పొగై పోతుంది. ఆ పొగ నీ మొహానికి, మిగిలిన ఒట్టి లెడ్ జాయింట్‌కి. ఐరన్‌తో ట్యాగునీ వైర్లనీ వేడి చెయ్యి, లెడ్‌ని వైరుకి తాకించు, ఐరన్‌కి కాదు. వైరే లెడ్‌ని కరిగించాలి. అప్పుడే వైరుకి తగినంత వేడి ఎక్కినట్టు.

మూడు వైర్లున్న ట్యాగుకి సూదిమొన సరిపోదు. లావు రాగి వైరు వేడినంతా లాక్కుపోతుంది, నువ్వు పది సెకన్లు నొక్కి పట్టినా ట్యాగు అంచు మాత్రమే కరుగుతుంది. ఉలిమొన, 50, 60 వాట్లు, మొన దగ్గర 350 డిగ్రీలు. రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి. ఎక్కువ వాట్లతో తక్కువసేపే మేలు. తక్కువ వాట్లతో ఎక్కువసేపు పెడితే డయోడూ ఉడుకుతుంది, జాయింటూ రాదు.

లెడ్ 63/37 దొరికితే అది తీసుకో. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారే గట్టిపడుతుంది. 60/40 అయితే 190 నుంచి 183 లోపు జావలా ఉంటుంది, ఆ క్షణంలో చెయ్యి కదిలిందంటే జాయింట్ గరుకుగా, పగుళ్లతో వస్తుంది. సీసం లేని మామూలు రకాలు 217 దాటితే గానీ కరగవు, పైగా మంచి జాయింట్ కూడా మసకగానే కనిపిస్తుంది. కొత్తవాళ్లకి మంచేదో చెడేదో తెలియదు. సీసం ఉన్నది వాడితే పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. కిటికీ తెరిచి కూర్చో, ఆ పొగ ఫ్లక్స్‌దే అయినా ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పాత లెడ్ మీదే కొత్తది వెయ్యకు. పంపుతోనో విక్‌తోనో (లెడ్‌ని పీల్చే రాగి అల్లిక) మొత్తం లాగేసి, శుభ్రం చేసి, మళ్లీ మొదలెట్టు. వైరుని ట్యాగుకి కొక్కెంలా మెలిపెట్టి బిగించాకే లెడ్. లెడ్ లేకపోయినా వైరు కదలకూడదు. లెడ్ కరెంటుకి, మెలి బలానికి.

చిన్నచిప్
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది ఎల్‌ఎం386 చిప్‌తో కట్టిన చిన్న యాంప్. 9 వోల్టుల బ్యాటరీతో నిశ్శబ్దం, అడాప్టర్ పెడితే హమ్. ఇదీ సోల్డరింగేనా?

ఓంలెక్క
బ్యాటరీతో హమ్ రావడం లేదు కాబట్టి సోల్డరింగ్ కాదు, అడాప్టర్ రిపుల్. ఏడో కాలు నుంచి గ్రౌండుకి 10 మైక్రోఫారడ్ వేయండి, అది ఉన్నదే అందుకు. సరఫరా దగ్గర 470 మైక్రోఫారడ్ పెట్టండి. ఒకటి, ఎనిమిది కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ ఉంటే గెయిన్ 200, తీసేస్తే 20. నిజంగా 200 కావాలా అనేది కూడా చూసుకోండి. మిగతాది వేరే చర్చ తెరిచి అడగండి.

శ్రుతితప్పినతీగ
అక్కా, 60 వాట్ల ఐరన్ ఒక స్నేహితుడి దగ్గర తెచ్చుకుని డయోడ్లు రెండూ తీసేసి కొత్తవి వేశాను. లెడ్ ఈసారి నీళ్లలా పారింది! ట్యాగు రంధ్రంలోంచి అవతలి పక్కకి కూడా వచ్చింది. ఇన్నాళ్లూ నేను చేసింది సోల్డరింగే కాదని తెలిసింది. మొత్తం 46 జాయింట్లు పుల్లతో కదిపి చూశాను. 11 అనుమానంగా అనిపించాయి, అన్నీ విప్పి మళ్లీ చేశాను. అందులో రెండు అచ్చం ఆ డయోడులాగే ఊడి వచ్చాయి.

సీరీస్ బల్బుతో ఆన్ చేస్తే ఒకసారి వెలిగి మసకబారింది. తర్వాత నేరుగా పెట్టాను. మొదటి కెపాసిటరు 341 డీసీ, ఏసీ 4.9. కాథోడు 19. గంట సేపు ఆన్‌లో ఉంచాను, ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా ఉందంతే.

పెద్ద హమ్ పోయింది. కానీ ఇప్పుడు దాని కింద దాక్కున్నది ఇంకోటి బయటపడింది. జుయ్ అని సన్నగా, గరగరగా. వాల్యూమ్ పెంచితే పెరుగుతోంది. యాప్‌లో 100, 200, 300.

ఓంలెక్క
4.9 సరిగ్గా ఉండాల్సినంత. రెక్టిఫయర్ దారిన పడింది.

వాల్యూమ్‌తో పెరుగుతోందంటే వాల్యూమ్ కంటే ముందే దూరుతోంది, అంటే మొదటి స్టేజీలో. 100, దాని గుణిజాలు, గరగర. గ్రౌండు. మీ హెచ్‌టీ సెంటర్ ట్యాప్ ఎక్కడ కట్టారు? మొదటి కెపాసిటరు నెగెటివ్ ఎక్కడ కట్టారు?

శ్రుతితప్పినతీగ
సెంటర్ ట్యాప్ ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకి. కెపాసిటర్ల నెగెటివులన్నీ కలిపి ఇన్‌పుట్ జాక్ పక్కనున్న ట్యాగుకి. అక్కడ ఖాళీ ఉందని.

పాతవాల్వు
అయ్యో రామా.

బాబూ, మొదటి కండెన్సర్ నిండేటప్పుడు కరెంటు తీరిగ్గా పారదు, సెకనుకి వందసార్లు గుక్కలు గుక్కలుగా దూకుతుంది. సగటు 40 మిల్లీ ఆంపియర్లే అయినా ఒక్కో గుక్క దానికి చాలా రెట్లు ఉంటుంది. ఆ వరదంతా సెంటర్ ట్యాప్ నుంచి కండెన్సర్‌కి పోవాలి. నువ్వు ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర కట్టావు. వరద ఛాసిస్ అంతా దాటి, నీ గిటార్ సిగ్నలు వచ్చే జాక్ ముందు నుంచి పోతోంది. పంటకాలువలో వాగు కలిపావు. రేకుకీ బోల్టుకీ ఉన్న ఇంత రెసిస్టెన్సు మీద పుట్టే మిల్లీవోల్టు కూడా గిటార్ సిగ్నలుతో పాటే మొదటి వాల్వులోకి పోతుంది.

సెంటర్ ట్యాప్ వైరు తెచ్చి మొదటి కండెన్సర్ నెగెటివుకే నేరుగా అతికించు. 6వీ6 కాథోడు గ్రౌండు కూడా అక్కడికే. మొదటి స్టేజీ గ్రౌండ్లు, దాని ఫిల్టర్ కండెన్సర్ నెగెటివ్ ఒక గుంపుగా జాక్ దగ్గర ఉంచు. రెండు గుంపులకీ మధ్య ఒక్క వైరు, ఛాసిస్‌కి ఒక్క చోటే, జాక్ వైపు. ప్లగ్గు నుంచి వచ్చే ఎర్త్ వైరు కూడా ఛాసిస్‌కే, కానీ వేరే వైర్లతో ఒకే బోల్టుకి కలపకు. దానికి వేరే బోల్టు, దానికదే.

టంకంపొగ
ఛాసిస్ గ్రౌండుని రేకు మీద లెడ్‌తో అతికే ప్రయత్నం చెయ్యకు తమ్ముడూ. అల్యూమినియం అయితే అసలు అంటదు, స్టీలు అయితే నీ ఐరన్ వేడి చాలదు. రంగు గీకి, రింగ్ ట్యాగు, పళ్ల వాషరు, నట్టు బోల్టు. మూడో ఫొటోలో వాల్యూమ్ పాట్ వీపు మీద పెద్ద గుడ్డులా లెడ్ ఉంది, అదీ తీసెయ్. పాట్ లోపలి ట్రాక్ కాలితే తిప్పినప్పుడల్లా గరగరమంటుంది.

శ్రుతితప్పినతీగ
చేశాను. వైరు ఒకటి మార్చాను, నాలుగు ట్యాగులు మార్చాను. జుయ్‌మనడం పోయింది. వాల్యూమ్ పదిలో పెట్టి, గిటార్ లేకుండా, చెవి స్పీకరుకి ఆనించి వింటే వాల్వు సుయ్‌మనే శబ్దమూ లోపలెక్కడో సన్నటి హమ్మూ, అంతే. రాత్రి గదిలో ఫ్యాను ఆపితే గానీ తెలియదు.

గిటార్ పెడితే మాత్రం కొంచెం హమ్ వస్తోంది. తీగల మీద చెయ్యి పెడితే తగ్గుతుంది. కుర్చీ తిప్పి అటు తిరిగి కూర్చుంటే దాదాపు పోతోంది. ఇదేమిటి?

మూడోఫ్రెట్
అది నీ యాంప్ కాదు, నీ గిటార్. సింగిల్ కాయిల్ పికప్ కదా? అదొక యాంటెనా. ట్రాన్స్‌ఫార్మరు వైపు తిరిగితే దాని అయస్కాంత క్షేత్రాన్ని పడుతుంది, పక్కకి తిరిగితే వదులుతుంది. 1955లో గిబ్సన్‌లో సేత్ లవర్ రెండు కాయిళ్లు ఎదురెదురుగా కట్టి పేటెంటుకి పెట్టింది ఈ తలనొప్పి పోగొట్టడానికే, హంబకర్ అన్న పేరే అలా వచ్చింది. యాంప్‌కి నాలుగడుగుల దూరంలో, పక్కకి తిరిగి కూర్చో. మేమంతా అలాగే కూర్చుంటున్నాం.

ఓంలెక్క
ఇంకొక్క మాట. 275-0-275లో ఆగి ఉన్న డయోడు మీద పడే వోల్టేజీ రెండు సగాల శిఖరాలు కలిపి, 778 దాకా. 1ఎన్4007 తట్టుకునేది 1000. కరెంటు కాస్త ఎక్కువగా వచ్చిన రోజు, వాల్వులు ఇంకా వేడెక్కని మొదటి నిమిషంలో అది 850 దాటవచ్చు. వీలున్నప్పుడు ప్రతి వైపూ రెండేసి డయోడ్లు సీరీస్‌లో వేయండి.

శ్రుతితప్పినతీగ
ఆదివారం వేస్తాను. అంటే ఇంకో నాలుగు జాయింట్లు. ఈసారి ఫొటో తీసి ముందు అక్కకి చూపించాకే ఆన్ చేస్తాను.

టంకంపొగ
కాళ్లు గీకడం మర్చిపోకు.

జోరుబేస్
మాస్టారూ, నా యాంప్ ప్లగ్గు విప్పాను. ఎర్త్ వైరు కత్తిరించి లోపలే మడిచి పెట్టి ఉంది, నేనే చేసిన పని. మళ్లీ బిగించాను. హమ్ తిరిగొచ్చింది. మూడో ఫ్రెట్ మోగిస్తే అలలు వస్తున్నాయి. ఎక్కడ మొదలెట్టమంటారు?

పాతవాల్వు
సీరీస్ బల్బు దగ్గర. ఫొటోలు పెట్టు.